చాక్లెట్ కాగితాలు దాచుకుంటున్న పాప, మాట మానేసిన మామగారు

ఏలూరు నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె బ్యాంకు ఉద్యోగి. భర్తది ప్రైవేటు ఉద్యోగం, ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఒక్కతే పాప. ఐదేళ్లు, యూకేజీ చదువుతోంది. అత్తగారు పోయాక మామగారు ఊళ్లో ఒంటరిగా ఉండలేక వీళ్ల దగ్గరికి వచ్చేశారు. ద్వారకా తిరుమల వైపు ఆయనకు కొబ్బరితోట ఉంది, అప్పుడప్పుడూ వెళ్లి చూసుకుని వస్తుంటారు. పాపను బడి నుంచి తీసుకొచ్చేది, తల్లి ఆఫీసు నుంచి వచ్చేదాకా చూసుకునేది ఆయనే.

సాయంత్రం తల్లి ఇంటికి రాగానే ఆయన బజారుకెళ్లడం, వస్తూ వస్తూ మనవరాలికి చాక్లెట్ తేవడం అలవాటు. "మోపెడ్ చప్పుడు వినపడితే చాలు, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గరికి పరిగెడుతుంది. మెట్టు మీద కూర్చుని కాగితం చిరగకుండా విప్పుతుంది. చిన్న ముక్క విరిచి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. అయిపోయాక కాగితాన్ని గోటితో సాపు చేసి, అంటుకున్నది కూడా నాకేస్తుంది. ఒక్క చాక్లెట్ అరగంట తింటుంది. చూడ్డానికి నాకూ ముచ్చటగానే ఉండేది" అని రాశారామె.

ఆ మధ్య చల్లటి నీళ్లు తాగితే పన్ను జివ్వుమంటోందని పాప ఏడిస్తే పళ్ల డాక్టరుకు చూపించారు. కింది దవడ పళ్లు రెండు పుచ్చాయి, ఒకదానికి ఆలస్యం చేయకుండా ఫిల్లింగ్ చేయించాలి అన్నారాయన. ఆ రోజు నుంచి ఇంట్లో చాక్లెట్ బంద్. "పాలపళ్లే కదమ్మా, ఎలాగూ ఊడిపోయేవేగా" అని మామగారు గొణిగారు గానీ ఎదురు చెప్పలేదు. పాప మిగతా తిండి ఎప్పటిలాగే సాగుతోంది: పొద్దునా రాత్రీ రెండు చెంచాల చక్కెర, చాక్లెట్ రుచి పొడి కలిపిన పాలు, స్నాక్స్ డబ్బాలో క్రీమ్ బిస్కెట్లు, బడి నుంచి రాగానే జ్యూస్ ప్యాకెట్.

పోయిన వారం పక్క దుప్పట్లు మారుస్తుంటే పాప దిండు గలీబులో గుప్పెడు చాక్లెట్ కాగితాలు కనిపించాయి, చక్కగా మడతపెట్టి. ఎవరిచ్చారంటే పాప "తాతయ్య ఇవ్వలేదు" అంది. ఈమె కోపం ఆపుకోలేక ఒక దెబ్బ వేశారు. తర్వాత తాతయ్యను అడిగితే "రోజూ ఏడుస్తుంటే చూడలేక ఇచ్చాను, అమ్మకు చెప్పొద్దన్నాను" అని ఒప్పుకున్నారు. "నా కూతురికి మీరే అబద్ధాలు నేర్పుతున్నారు" అని ఈమె అనేశారు. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పటి నుంచి కోడలితో మాటల్లేవు. తోటకని వెళ్లి అక్కడే ఉండిపోతున్నారు. భర్తేమో "మీరూ మీరూ తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగొద్దు" అంటున్నారు. ఈ గొడవలో ఫిల్లింగ్ సంగతి పక్కకు పోయింది.

ఆమె ప్రశ్నలు: "చాక్లెట్ పూర్తిగా మాన్పించడం తప్పా? చాక్లెట్ తిన్న రోజు పాప గెంతులు, అల్లరి ఎక్కువ, అది దాని వల్లేనా? మామయ్యగారికి నచ్చచెప్పేదెలా? ఇంట్లో అందరికీ నేను రాక్షసిలా కనిపిస్తున్నాను."

అమ్మా, ముందు ఫిల్లింగ్ చేయించండి. మిగతా విషయాలన్నీ వారం ఆగినా నష్టం లేదు, అది మాత్రం ఆగదు. పాలపళ్ల పైపొర పెద్దవాళ్ల పళ్లకున్నంత మందంగా ఉండదు. పుచ్చు మొదలైతే నరం దాకా త్వరగా పోతుంది. మీ మామగారు అన్న మాట మన ఇళ్లలో చాలామంది నమ్మేదే. కానీ ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి గానీ, వెనక దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, తర్వాత రావాల్సిన పన్నుకు చోటుండదు. పైగా ఆరేళ్లకు అటూ ఇటూగా ఆ పాలపళ్ల వెనకాలే మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. జీవితాంతం ఉండాల్సిన పన్ను అది. పుచ్చిన పళ్ల పక్కన మొలిస్తే దానికీ ముప్పే.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ మామగారినీ తీసుకెళ్లండి. "పాప మీ దగ్గరైతే భయపడకుండా కూర్చుంటుంది, మీరూ రండి మామయ్యగారూ" అంటే చాలు. అది అబద్ధమేమీ కాదు కదా. పాలపళ్ల గురించి కోడలు చెబితే అది వాదన. అదే మాట డాక్టరు నోట, పుచ్చును అద్దంలో చూపిస్తూ వస్తే ఆయనకు పట్టింపు ఉండదు. మీ ఇద్దరి మధ్య మాట కలవడానికి కూడా పాప కోసం కలిసి చేసే పని ఒకటి ఉండాలి.

ఇక పళ్లు ఎందుకు పుచ్చాయో చూద్దాం. నోట్లోని బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి మీది ఎనామిల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఓ అరగంటో ఇంకాసేపో గడిస్తే లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేసి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి పూడుస్తుంది. అందుకని ఎంత తీపి తిన్నారన్న దానితోపాటు, రోజులో ఎన్నిసార్లు, ఎంతసేపు తిన్నారన్నది చాలా ముఖ్యం. మీరు రాసిన తిండినే లెక్కేయండి. పొద్దున పాలు, బడిలో బిస్కెట్లు, ఇంటికి రాగానే జ్యూస్, సాయంత్రం చాక్లెట్, పడుకునే ముందు మళ్లీ పాలు. ఐదుసార్లు. అందులో మీరు ఆపింది ఒక్కటే. పది పన్నెండు గ్రాముల చిన్న చాక్లెట్‌లో చక్కెర ఆరేడు గ్రాములుంటుంది. ఒక్క గ్లాసు పాలలో మీరు వేసే రెండు చెంచాల చక్కెరే అంతకంటే ఎక్కువ, ఆ పొడిలో ఉండేది అదనం. అన్నిటికంటే చెడ్డది పడుకునే ముందు తాగే తీపి పాలు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, తీపి రాత్రంతా పళ్లకు పట్టి ఉంటుంది. క్రీమ్ బిస్కెట్ పిండి పళ్ల సందుల్లో ఇరుక్కుని, చాక్లెట్ కరిగిపోయినంత త్వరగా పోదు.

రోజువారీ శక్తిలో చక్కెర వాటా పదో వంతు మించకూడదని, ఇరవయ్యో వంతుకు తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పాలలో, పండులో సహజంగా ఉండే తీపి ఈ లెక్కలోకి రాదు. మనం కలిపే చక్కెర, జ్యూస్‌లోని చక్కెర వస్తాయి. రోజుకు 1300 కేలరీలు తినే పిల్లకు పదో వంతంటే 32 గ్రాములు, ఇరవయ్యో వంతంటే 16. మీ పాపకు రెండు పూటల పాలతోనే ఆ రెండో గీత దాటిపోతోంది. చాక్లెట్ అమాయకురాలని నేననడం లేదు. అందరికీ కళ్లకు కనపడేది, తాతయ్య చేతిలో ఉండేది అదొక్కటే కాబట్టి మొత్తం నేరం దాని మీద పడింది. దాన్ని ఆపినా పుచ్చు ఆగకపోతే, అప్పుడు ఎవరిని అనాలో తెలియక ఇంకా టెన్షన్ పడతారు.

అందుకని చక్కెర తగ్గించడం మీ చేతిలో ఉన్న చోట మొదలుపెట్టండి. జ్యూస్ ప్యాకెట్ కొనడం మానేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాలలో చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటిన్నర, ఒకటి, అర... ఇలా వారానికి కాస్త తగ్గిస్తే పిల్లలు పసిగట్టరు. రాత్రి పాలు భోజనంతో పాటే ఇచ్చేసి, తర్వాత బ్రష్ చేయించి, ఆపైన మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి. పేస్టు ఫ్లోరైడ్ ఉన్నదే వాడాలి, ఈ వయసుకు బఠాణీ గింజంత చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా బ్రష్ పెద్దవాళ్లే పట్టుకోవాలి. పిల్ల తనంతట తాను చేసుకుంటే ముందు పళ్లే తెల్లబడతాయి.

పాప గెంతుల సంగతి. చక్కెర తింటే పిల్లలు రెచ్చిపోతారన్నది అన్ని దేశాల్లోనూ ఉన్న నమ్మకమే. దీని మీద జరిగిన ప్రయోగాలన్నింటినీ 1995లో ఒకచోట చేర్చి చూస్తే, పిల్లల ప్రవర్తనలో చక్కెర వల్ల తేడా కనపడలేదు. అంతకు ముందు ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో పిల్లలకు చక్కెర లేని పానీయమే ఇచ్చి, కొందరు తల్లులకు మాత్రం చక్కెర బాగా వేశామని చెప్పారు. ఆ తల్లులకే తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించింది. మీ పాప గెంతడం తాతయ్య వచ్చినందుకు, సాయంత్రం అయినందుకు, అమ్మ ఇంట్లో ఉన్నందుకు కూడా కావచ్చు. దాన్ని మీ ఫిర్యాదుల జాబితాలోంచి తీసేయండి.

ఇప్పుడు ఆ ముచ్చట గురించి. మీరు అంత కోపంలో ఉండి కూడా పాప చాక్లెట్ తినే తీరును అంత ప్రేమగా రాశారు. నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటుందన్నారు చూడండి, దానికి కారణం ఉంది. కోకో గింజలోని కొవ్వు మన ఒంటి వేడికి కొద్దిగా తక్కువ వేడి దగ్గర కరుగుతుంది. చేతిలో గట్టిగా ఉన్నది నోట్లోకి వెళ్లగానే వెన్నలా జారిపోతుంది. పాప ఆ మార్పునే ఆస్వాదిస్తోంది. పెద్దవాళ్ల కంటే పిల్లలకు తీపి ఎక్కువ నచ్చడం కూడా ప్రకృతి పెట్టిందే, యవ్వనం వచ్చే కొద్దీ తగ్గుతుంది. గబగబా నమిలి ఇంకోటి అడిగే పిల్ల కాదు మీ అమ్మాయి. ఒక్క ముక్కను అంత శ్రద్ధగా తినడం తెలిసిన పిల్ల. ఆ గుణం పోగొట్టుకోవద్దు. దొంగచాటుగా తినే పిల్లలు గబగబా తింటారు, రుచి చూడరు. ఆ మెట్టు మీది ఆనందం దిండు గలీబులోకి వెళ్లిపోవడమే నాకు బాధగా ఉంది.

"తాతయ్య ఇవ్వలేదు" అన్న మాట ఇంకోసారి చదవండి. మీరడిగింది ఎవరిచ్చారని. "నేను తినలేదు" అనలేదు పాప. తాతయ్య పేరే ఎత్తి, ఆయన్ను కాపాడబోయింది. ఐదేళ్ల పిల్లకు అబద్ధం ఇంకా సరిగ్గా చేతకాదు. అమ్మకు కోపం రాకూడదు, తాతయ్యకు మాట రాకూడదు, ఈ రెండింటి మధ్యా నలిగి అన్న మాట అది. దెబ్బ వల్ల పాప నేర్చుకునేది అబద్ధం తప్పని కాదు, కాగితాలు ఇంకా బాగా దాచాలని. ఇవాళ రాత్రి పక్కన పడుకోబెట్టుకుని "ఆ రోజు కొట్టాను, కొట్టకుండా ఉండాల్సింది. ఇకమీదట చాక్లెట్ తిన్నా నాకు చెప్పు, కొట్టను" అనండి. రెండు వాక్యాలు చాలు, ఉపన్యాసం వద్దు. ఆ మాట నిలబెట్టుకోవడం మాత్రం మీ వంతు. పాప వచ్చి నిజం చెప్పిన రోజు మీ మొహం మాడితే మళ్లీ మొదటికొస్తుంది.

మీ మామగారి వైపు చూస్తే, భార్యను పోగొట్టుకుని, ఊరు వదిలి, కొడుకు ఇంట్లో ఉంటున్న మనిషి. ఆయన కోసం పరిగెత్తుకొచ్చే ప్రాణం ఆ ఇంట్లో ఒక్కటే. చాక్లెట్ బంద్ అన్న రోజున మీరు ఒక తినుబండారాన్ని ఆపానని అనుకున్నారు. ఆయనకు మాత్రం గేటు దగ్గర వట్టి చేతులతో నిలబడాల్సి వచ్చింది. ఇది చెప్పడం ఆయన్ను వెనకేసుకు రావడానికి కాదు. "అమ్మకు చెప్పొద్దు" అన్న మాట దగ్గర ఆయన చేసింది ముమ్మాటికీ తప్పు. దీన్ని మీరు వదలకూడదు కూడా. మీ పాపకు బడిలో మంచి స్పర్శ, చెడు స్పర్శ చెబుతూనే ఉంటారు. చెడ్డవాళ్లు పిల్లలకు చాక్లెట్ చేతిలో పెట్టి చెప్పేది కూడా అదే మాట, అమ్మకు చెప్పకు అని. ఇంట్లోవాళ్లు ప్రేమతో ఆ మాట అలవాటు చేస్తే, బయటివాడు అన్నప్పుడు పిల్లకు తేడా ఎలా తెలుస్తుంది? మీ మామగారితో ఈ ఒక్క కారణం చెప్పండి. పళ్ల గురించి ఆయన వాదించొచ్చు, దీని గురించి ఏ తాతా వాదించడు. "మీరు పెట్టొద్దని కాదు మామయ్యగారూ, పెట్టినది నాకు తెలియాలి" అని మొదలుపెట్టండి. ఆ రోజు అన్న మాటకు "నోరు జారాను, మనసులో పెట్టుకోకండి" అని కూడా అనండి. అందులో మీకు చిన్నతనమేమీ లేదు.

ఇక చాక్లెట్ ఉంచాలా, మాన్పించాలా అన్నది. పూర్తిగా మాన్పిస్తే పళ్లకు మేలే, సందేహం లేదు. ఫిల్లింగ్ అయ్యేదాకా కొన్నాళ్లు ఆపమని డాక్టరంటే ఆపండి కూడా, ఎన్నాళ్లో పాపకు ముందే చెప్పి. శాశ్వతంగా బంద్ అంటే మాత్రం కష్టం. బడిలో ప్రతి పుట్టినరోజుకూ చాక్లెట్లు పంచుతారు, పెళ్లికెళ్తే ఎవరో ఒకరు చేతిలో పెడతారు. మీరు అన్ని చోట్లా కాపలా కాయలేరు. 1999లో అమెరికాలో బడి ఈడు రాని పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కళ్లెదురుగా ఉన్న ఒక తినుబండారాన్ని ముట్టుకోవద్దంటే, పిల్లలు దాని గురించే ఎక్కువ మాట్లాడారు, తినొచ్చు అనగానే ఎగబడ్డారు. మీ ఇంట్లో జరిగింది దాదాపు ఇదే.

స్వీడన్‌లో వారానికి ఒక్క రోజు, శనివారం మాత్రమే పిల్లలకు మిఠాయిలు, చాక్లెట్లు కొనిచ్చే అలవాటు ఉంది. దాని పుట్టుక వెనక ఒక చేదు కథ ఉంది. 1940లలో లుండ్ పట్టణం దగ్గరి వీపెహోల్మ్ ఆసుపత్రిలో, తమకేం జరుగుతోందో చెప్పుకోలేని మానసిక వైకల్యం ఉన్న రోగులకు, పళ్లు ఎలా పుచ్చుతాయో తెలుసుకోవడం కోసం కావాలని మిఠాయి తినిపించారు. క్షమించరాని పని. భోజనంతో పాటు తిన్న తీపి కంటే, మధ్య మధ్యలో తిన్న జిగురు టాఫీలతో పళ్లు ఎన్నో రెట్లు పాడయ్యాయని దాంట్లో తేలింది. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం వారానికోసారి చాలని తల్లిదండ్రులకు చెప్పింది. మీ ఇంట్లోనూ శనివారమో ఆదివారమో చాక్లెట్ రోజని పెట్టుకోవచ్చు. లాభం ఏమిటంటే పాపకు నియమం తేలిగ్గా అర్థమవుతుంది, రోజూ బేరాలుండవు. ఇబ్బంది ఏమిటంటే మిగతా ఆరు రోజులూ తాతయ్య చేతులు ఖాళీ. ఆ లోటు పూడ్చడానికి ఆయనకు వేరే దారి చూపించాలి. కాలాన్ని బట్టి జామకాయ, తేగలు, ముంజలు, కాల్చిన మొక్కజొన్న పొత్తు. ఇవి బజారు నుంచి తెస్తే ఆయనకూ తృప్తి, పాపకూ గేటు దగ్గర ఎదురుచూపు ఉంటుంది. మొదట్లో "చాక్లెట్ ఏదీ?" అని ఏడుస్తుంది. ఆ కొన్ని రోజులు ఆయన మెత్తబడకుండా ఉండగలరా అన్నది మీకే తెలియాలి.

ఇంకో దారి, రోజూ ఒక చిన్న ముక్క, రాత్రి అన్నం తినగానే, తాతయ్య చేతి మీదుగా. భోజనం మీద తింటే లాలాజలం ఎక్కువగా ఊరుతూ ఉంటుంది, తీపి విడిగా ఇంకోసారి తగలదు. ఓ అరగంట ఆగి తాతయ్యే బ్రష్ చేయిస్తారు. పెట్టేదీ ఆయనే, కడిగించేదీ ఆయనే. ఇందులో రహస్యానికి చోటు లేదు, ఆయన పెద్దరికం ఆయనకుంటుంది. ఒక్క షరతు, మిగతా నాలుగు తీపి పూటలు నిజంగా తగ్గాలి. అవి తగ్గకుండా ఇది పెడితే పళ్లు ఇంకా పాడవుతాయి. బ్రష్ ఒక్కరోజు కూడా ఎగ్గొట్టని క్రమశిక్షణ మీ ఇంట్లో ఉంటేనే ఈ దారి. లేదంటే వారానికోసారే నయం. మీ ఉత్తరం చదివాక నా మనసు ఈ రెండో దారి వైపే మొగ్గుతోంది, అది మీ మామగారిని పనిలో భాగస్వామిని చేస్తుంది కాబట్టి. ఏదీ మార్చకుండా పాత పద్ధతికే వదిలేయడం కూడా ఒక దారే, ఇల్లు వెంటనే చల్లబడుతుంది. కానీ రెండు పళ్లు ఇప్పటికే పుచ్చాయి. ఆ చల్లదనానికి పాప నొప్పితో ఖరీదు కట్టాలి.

ఏ దారి పట్టినా, అన్నం తింటేనే చాక్లెట్, హోంవర్క్ చేస్తేనే చాక్లెట్ అనే బేరం మాత్రం వద్దు. అలా అంటే అన్నం శిక్ష, చాక్లెట్ బహుమతి అని పాప మనసులో పడిపోతుంది. అన్నం ఎంత తిన్నా ముక్క ముక్కే.

కొబ్బరితోట అన్నారు కాబట్టి ఇంకో మాట. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. మీ ఏలూరు జిల్లాలో కొబ్బరి, పామాయిల్ నీడన అంతరపంటగా వేస్తారు. మీ మామగారి తోటలో లేకపోయినా చుట్టుపక్కల తోటల్లో దొరుకుతుంది. పాపను ఒక ఆదివారం ఆయనతో పంపించండి, వీలైతే మీరూ వెళ్లండి. కోకో కాయ కొమ్మ చివర వేలాడదు, పనసకాయలా మానుకే అంటుకుని కాస్తుంది. పండిన కాయను పగలగొడితే లోపల గింజలు తెల్లటి గుజ్జులో వరుసగా పేర్చినట్టుంటాయి. ఆ గుజ్జు చప్పరిస్తే పుల్లపుల్లగా తియ్యగా ఉంటుంది. గింజ మింగకుండా చూసుకోవాలి. అదే గింజ కొరికితే ఒకటే చేదు. ఆ గింజల్ని కుప్పపోసి వారం దాకా పులియబెట్టి, ఎండబెట్టి, వేయించాక గానీ చాక్లెట్ వాసన రాదని తాతయ్య చెబుతుంటే వినడం ఆ పిల్లకు ఎంత బాగుంటుందో! తాతయ్యంటే చాక్లెట్ తెచ్చే మనిషే కాదు, అది చెట్టుకు ఎలా కాస్తుందో చూపించే మనిషి కూడా అవుతారు. తోటకు ఒంటరిగా వెళ్లి కూర్చునే ఆయనకు తోడుగా మనవరాలు ఉంటుంది.

మీరు రాక్షసిలా కనిపించడానికి కారణం మీ మనసు కాదు, పంపకం. "వద్దు" అనే పని మొత్తం మీ ఒక్కరికే వచ్చింది. "ఇదిగో తీసుకో" అనే పని మామగారికి వచ్చింది. మీ వారు ఏ పనీ తీసుకోలేదు. వారంలో కనీసం ఒక్క రోజైనా చాక్లెట్ ముక్క మీ చేత్తో పాపకు పెట్టండి, పక్కన కూర్చుని తను తింటుంటే చూడండి, మీరూ ఒక ముక్క తినండి. అలాగే "ఇవాళ్టికి అయిపోయింది" అనే మాట మామగారి నోటా, మీ వారి నోటా రావాలి. మధ్యలోకి లాగొద్దన్నారు కదా ఆయన, ఆయన మధ్యలోనే ఉన్నారని చెప్పండి. తండ్రీ ఆయన తండ్రే, కూతురూ ఆయన కూతురే. తొమ్మిది దాటాక కాకుండా ఒక ఆదివారం పొద్దున, పాప ఆడుకుంటున్నప్పుడు ముగ్గురూ కూర్చోండి. నియమం ఏమిటో మీ వారి చేత చెప్పించండి, మీరు కాదు. తర్వాత పాపను పిలిచి తాతయ్య చేత చెప్పించండి.